నలభై ఎనిమిది సెకన్లు

మనిషి వెనక నిలబడి గడియారం చూడటం కూడా ఒక ఉద్యోగమేనంటే, చొక్కాల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో చిట్టి నమ్మేది కాదు. ఆ ఉద్యోగం తనకే వస్తుందంటే అసలే నమ్మేది కాదు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే రోజున, ఒకే గేటులోంచి, ఒకే జీతానికి లోపలికి వెళ్ళారు. అప్పటికి అక్కకి ఇరవై, చిట్టికి పదిహేడు. రైలు పట్టాల పక్కన రేకుల కప్పు గది ఒకటి, స్టవ్వు ఒకటి, గొడుగు ఒకటి. వానొస్తే పొడుగ్గా ఉండే అక్క గొడుగు పట్టుకునేది, చిట్టి అక్క నడుము పట్టుకునేది. ఇద్దరినీ కాలర్లు అతికించే లైనులో వేశారు. చొక్కా మొత్తంలో ఏడిపించే పని అదే. మెడ దగ్గర గుడ్డ వంపు తిరుగుతుంది. ఆ వంపులో చెయ్యి తడబడితే చొక్కా వేసుకున్నవాడు మెడ పట్టేసినవాడిలా కనిపిస్తాడు. అక్క చేతులకి ఆ వంపు పుట్టుకతోనే తెలిసినట్టుండేది. ఏడాది తిరక్కుండా ఫ్యాక్టరీ అంతా ఆమెని కాలరక్క అనడం మొదలుపెట్టింది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు.

చిట్టి కుట్టు మాత్రం తాగినవాడి నడకలా ఉండేది. రోజూ పది, పదిహేను కాలర్లు వెనక్కి వచ్చేవి. భోజనాల వేళ అక్క నాలుగు ముద్దలు గబగబా మింగి వచ్చి, చెల్లెలి కుట్లు విప్పి మళ్ళీ కుట్టేది.

"దేవుడు నీకు చేతులివ్వబోయి అక్కడ కూడా నోరే పెట్టాడే" అనేది.

చిట్టికి ఉన్నది లెక్క. అక్క ఐదుతో బడి మానేసి చిట్టిని పది దాకా చదివించింది. ఏ లైనులో ఎన్ని కట్టలు అయ్యాయో, సాయంత్రానికి ఎన్ని అవుతాయో చిట్టి కాగితం చూడకుండా చెప్పేది. అది ఒకరోజు మేనేజరు చెవిన పడింది. మర్నాటి నుంచి ఆమె గుమస్తా. రెండేళ్ళ తరవాత, పని కొలిచే చదువు నేర్చుకు రమ్మని కంపెనీయే సాయంత్రం క్లాసులకి పంపింది. ఆ ఆర్నెల్లూ అక్క ఇంటిపని చిట్టిని ముట్టుకోనివ్వలేదు. ఒళ్ళు హూనమై వచ్చి కూడా వంట తనే చేసి, పుస్తకం ముందు చెల్లెలు కునికిపాట్లు పడకుండా ఎదురుగా కూచుని కాపలా కాసేది. చదువు పూర్తయింది. చిట్టి చేతికి ఒక అట్ట, అట్టకి తగిలించిన గడియారం వచ్చాయి. లైనులో వాళ్ళకి ఆమె వాచీ మేడమ్ అయింది.

చిట్టి గుమస్తా అయిన మొదటి ఏడాది ఇద్దరి జీతాలకీ తేడా ఒక జత చెప్పుల ఖరీదంత. ఐదో ఏడాదికి గది అద్దెంత. ఇరవయ్యో ఏటికి చిట్టి జీతం అక్క జీతానికి నాలుగు రెట్లు దాటింది. ఫలానా రోజున ఫలానావాడు అన్యాయం చేశాడని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఏటా నోటీసు బోర్డు మీద అందరికీ ఒకే శాతం పెంపు. ఆ పైన స్టాఫుకి మాత్రం హోదా పెంపు, బండి ఖర్చు, ఏడాది చివర బోనస్సు. ఒక షెడ్డు నాలుగు షెడ్లయింది, గేటు ముందు కార్లు బారులు తీరాయి, కాలర్ల లైనులో మిషన్లు మాత్రం అవే పన్నెండు. రేకుల గది అద్దె అక్క జీతంలో సగానికి ఎగబాకింది. చిట్టి, మందుల కొట్లో లెక్కలు రాసే మొగుడు, కూతురు కలిసి రెండు గదుల ఫ్లాటుకి మారారు. అక్క మొగుడు గోదాములో మూటలు మోసి మోసి నడుం పోగొట్టుకుని ఇంట్లో కూచున్నాడు. చిట్టి కూతురికీ అక్క కూతురికీ రెండు నెలలే తేడా. పదహారో ఏట ఒకతె బడి వ్యాను ఎక్కింది, ఒకతె పది అవగానే అమ్మతో పాటు ఫ్యాక్టరీకి వచ్చి దారపు కొసలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడింది.

ఒకరోజు స్టాఫు గదిలో పేపరు చదువుతుంటే, దేశంలో మనిషి సగటు ఆదాయం రెండింతలయిందని చిట్టి కంట పడింది. సగటంటే ఆమెకి తెలుసు. తన జీతమూ అక్క జీతమూ కలిపి రెండుతో భాగిస్తే, కాగితం మీద ఇద్దరూ హాయిగా బతికేస్తున్నారు.

అందుకే కాబోలు, అక్క ఇంటికి వెళ్ళేటప్పుడు కొత్త చెప్పులు విడిచి పాతవి తొడుక్కునేది. ఏదైనా ఎంతకి కొన్నావని అక్క అడిగితే సగం చెప్పేది. అక్కకి ఖరీదులు తెలియనివా? "ఆ కొట్టెక్కడో చెప్పవే, నేనూ ఓ రెండు కొనుక్కుంటా" అనేది నవ్వకుండా. చిట్టికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇలా నడుస్తుండగా, పెద్ద ఆర్డరు ఒకటి వచ్చింది. మేనేజరు చిట్టిని అద్దాల గదిలోకి పిలిచాడు. మనిషి నెమ్మదస్తుడు, ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగడు.

"కాలరుకి డెబ్బై రెండు సెకన్లని ఎప్పుడో రాశాం మేడమ్. ఆ లెక్కన ధర చెపితే ఆర్డరు పక్క ఫ్యాక్టరీకి పోతుంది. మళ్ళీ ఒకసారి కొలవండి."

"అలాగే సార్. ముగ్గురిని చూసి…"

"ముగ్గురెందుకు? అందరికన్నా బాగా కుట్టే మనిషిని చూడండి. మీ అక్కగారే ఉన్నారుగా." పెన్ను మూత పెడుతూ, "మొత్తం నాలుగు షెడ్లకీ ఒక హెడ్డుని వేయాలనుకుంటున్నాం. మీ పేరే అనుకుంటున్నా" అన్నాడు.

పని కొలవడానికి రూలుంది. చిట్టికి అది కంఠతా వచ్చు. వేగంగా కుట్టేవాళ్ళని కాదు, మధ్యరకంగా కుట్టేవాళ్ళని ముగ్గురిని చూడాలి. మొదలుపెట్టే ముందు, "మామూలుగా కుట్టండి, రోజంతా ఎలా కుడతారో అలాగే" అని నోటితో చెప్పాలి. వచ్చిన లెక్కకి అలసటకింత, మంచినీళ్ళకింత, బాత్రూముకింత అని కలపాలి. ఆ రోజు చిట్టి ఈ మూడింటిలో ఒక్కటీ చెయ్యలేదు. మొదటిది మేనేజరు మాటని, చివరిది ఆయనకి కావలసిన ధర కోసమని సర్దిచెప్పుకోవచ్చు. మధ్యది మాత్రం ఆమె నోట్లో ఉన్న మాట. దాన్ని ఎవరూ ఆపలేదు.

చిట్టి వెళ్ళి అక్క వెనక నిలబడింది. అక్క తల తిప్పి చూసింది, అద్దాల గదిలోంచి మేనేజరు చూడటం కూడా గమనించింది. నడుం సర్దుకుని కూచుంది. ఇక ఆ చేతులు ఎలా ఆడాయో లైనంతా పని ఆపి చూసింది. గుడ్డ ఎప్పుడు తిరిగిందో, దారం ఎప్పుడు తెగిందో కంటికి అందలేదు. మిషను పాట పాడినట్టే ఉంది. పది కాలర్లు అయ్యాక అక్క నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, చెల్లెలి వైపు చూసి కన్ను గీటింది. చూశావా నీ పరువు నిలబెట్టాను అన్నట్టు.

చిట్టి అట్ట మీద నలభై ఎనిమిది అని రాసి సంతకం పెట్టింది.

మనిషికి రోజుకి నాలుగు వందల కాలర్లుండే టార్గెట్టు ఆరు వందలయింది. అందుకోలేకపోతే జీతంలో మూడోవంతు ఉండే టార్గెట్టు బోనస్సు పోతుంది. నెల తిరిగేలోగా చిట్టికి హెడ్డు పదవి, పేరు రాసిన బల్ల వచ్చాయి. ఆ పదవి వచ్చాక లైనులోకి వెళ్ళాల్సిన పని లేదు. ఆమె వెళ్ళనూ లేదు. మెట్ల మీద ఎవరైనా గుసగుసలాడుతుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. ఇంట్లో కూతురు నవ్వుతూ ఏదో చెపుతుంటే సగంలో వినడం మానేసేది. మొగుడు "ఒంట్లో బాగాలేదా?" అంటే, "ఎండ" అనేది. తేలు కుట్టిన దొంగ ఎవరికి చెప్పుకుంటాడు?

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క కూతురు మెట్ల దగ్గర ఎదురుపడింది. పిల్ల పక్కకి తప్పుకోబోతే చిట్టే ఆపింది.

"అమ్మ ఎలా ఉందే?"

"బానే ఉంది పిన్నీ."

"తిన్నదా?"

పిల్ల నేల చూపులు చూసింది. "తింటోంది. నీళ్ళ ట్యాంకు పక్కన. ఒక్కతే."

"ఒక్కతే ఎందుకు?"

"ఎవరూ పిలవరుగా. మూడో మిషను ఆవిడ అందరి ముందూ అనేసింది, చెల్లెలికి పదవి, అక్కకి పేరు, మా నోట్లో మట్టి అని. ఇద్దరు మానేశారు పిన్నీ. మిగతావాళ్ళు బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగట్లేదు. అమ్మకే ఆరు వందలు కావట్లేదు ఇప్పుడు. నేను చెప్పానని చెప్పకు."

ఆ ఆదివారం చిట్టి ఒక కొత్త టేబుల్ ఫ్యాను కొనుక్కుని పట్టాల పక్క గదికి వెళ్ళింది. బావ బయట మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. లోపల అక్క ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది, పిల్ల స్టవ్వు దగ్గరుంది.

"ఫ్యానెందుకే? ఉన్నది తిరుగుతూనే ఉందిగా" అంది అక్క.

"చప్పుడు చేస్తోందిగా అక్కా."

"చప్పుడు లేకపోతే మాకు నిద్ర పట్టదు. మిషన్ల మధ్య బతికేవాళ్ళం."

చిట్టి లోపలి మంచం అంచున కూచుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "లైనులో నీతో ఎవరూ మాట్లాడట్లేదటగా" అంది.

అక్క ఒకసారి కూతురి వీపు వైపు చూసి, మళ్ళీ దుప్పటి అందుకుంది. "వాళ్ళ తప్పేముంది? తప్పు నాది. నువ్వు వెనకొచ్చి నిలబడేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. గదిలోంచి పెద్దాయన చూస్తున్నాడు, మా చిట్టి పరువు అనుకున్నా. నలభై ఏళ్ళదాన్ని, చిన్నపిల్లలా పందెం పరిగెత్తా. పన్నెండు ఇళ్ళవాళ్ళ నోటి ముందు కూడు లాగేశా. రోజూ పోయి వాళ్ళ మొహాలు చూడాలంటే చచ్చిపోతున్నాననుకో."

నేరం తన నెత్తిన వేసుకుని అక్క మోస్తోంది. చిట్టి కిమ్మనకుండా ఊరుకుంటే అది అక్కడే ఉండిపోయేది. ఫ్యాను ఇచ్చి, నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ఇంటికెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళిపోదామని కూడా అనుకుంది, లేచి నిలబడింది కూడా.

"అక్కా, కొలిచే ముందు నిన్ను మామూలుగా కుట్టమని నేను చెప్పాలి."

"ఏంటి?"

"రోజూ ఎలా కుడతావో అలాగే కుట్టమని చెప్పాలి. అలా రూలుంది. నేను చెప్పలేదు. వేగంగా కుట్టేవాళ్ళని అసలు కొలవనే కూడదు."

అక్క చేతులు ఆగాయి. "ఎక్కడుంది ఆ రూలు?"

"పుస్తకంలో."

"ఏ పుస్తకంలో?"

చిట్టి కొత్త ఫ్యాను వైపు చూసింది.

"నేను ఎదురుగా కూచుని కాపలా కాసిన పుస్తకమేనా?"

స్టవ్వు దగ్గర పిల్ల మంట తగ్గించి అలాగే నిలబడిపోయింది. అక్క దుప్పటి మడత పూర్తి చేసింది, మూలలు సరిచేసింది, మిగతావాటి మీద పెట్టింది. అప్పుడు అంది, గొంతు పెంచకుండానే: "మూడు నెలలుగా నా చేతుల్ని నేను తిట్టుకుంటున్నానే. పొద్దున లేచి వీటిని చూసుకోవాలంటే రోత పుట్టేది. ఇన్నాళ్ళకి చెప్పడానికి నోరొచ్చిందా నీకు?"

చిట్టికి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"ఇక్కడ ఏడవకు. నీ ఏడుపు కూడా నేనే తుడవాలా? ఆ ఫ్యాను తీసుకుని పో. పనికొచ్చేది ఏదైనా ఉంటే చెయ్యి. మూడో మిషను ఆవిడ వెనక నిలబడి చూడు, కాలరుకి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది."

ఫ్యాను పట్టుకుని తిరిగి వెళ్తుంటే, బస్సులో పక్కనావిడ ఎంతకి కొన్నారని అడిగింది. చిట్టి ఉన్న ఖరీదే చెప్పింది.

మర్నాడు హెడ్డు మేడమ్ అట్ట పుచ్చుకుని లైనులోకి దిగింది. మూడో మిషను ఆవిడ, ఏడో మిషను ఆవిడ, పదో మిషను ఆవిడ. ఒక్కొక్కరికీ వంగి చెప్పింది, మామూలుగా కుట్టండి అని. మూడో మిషను ఆవిడ వినపడనట్టే ఉండి, మామూలుగానే కుట్టింది. మూడు రోజులు కొలిచి, అలసటకీ నీళ్ళకీ కలిపితే డెబ్బై మూడు వచ్చింది. పాత లెక్కే సరైనదన్నమాట. రెండో సంతకం పెట్టి మేనేజరు బల్ల మీద పెట్టింది.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "నలభై ఎనిమిది మీద మీ సంతకమే. డెబ్బై మూడు మీదా మీ సంతకమే. ఎప్పుడు అబద్ధమాడారు మేడమ్?"

"మొదటిసారి సార్."

"నిజం చెప్పారు, సంతోషం. కానీ ధర ఒప్పుకుని ఆర్డరు తెచ్చుకున్నాం. కొనేవాళ్ళు నలభై ఎనిమిది సెకన్ల కాలరుకే డబ్బిస్తారు. మిగతా పాతిక సెకన్లు ఎవరిస్తారు? మీరిస్తారా, నేనివ్వాలా?" నవ్వుతూనే అన్నాడు. తరవాత కాసేపు లెక్కలు వేసుకుని, "మీ మాట తీసెయ్యను. యాభై ఎనిమిది చేద్దాం. రోజుకి ఐదు వందలు. అంతకు పైన కుట్టినవాళ్ళకి విడిగా ఇద్దాం. మీ పదవికేం ఇబ్బంది లేదు, కంగారు పడకండి" అన్నాడు.

చిట్టి కంగారు పడింది దానికే. పదవి ఊడుతుందని, కనీసం తిట్లు పడతాయని రెండు రోజులుగా సిద్ధపడి ఉంది. శిక్ష పడితే కాస్త తేలికపడేదేమో. అదీ దక్కలేదు. పదవి నాకొద్దని ఒక కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. వారం రోజులు అది బ్యాగులోనే తిరిగింది. కూతురి ఫీజు కట్టాల్సిన తేదీ వచ్చింది. కాగితం చించేసింది. ఇది దాచి మిగతా కథ చెప్పడం మర్యాద కాదు.

కొత్త టార్గెట్టు బోర్డు మీద పెట్టే రోజున, బెల్లు కొట్టకముందే ఆమె లైను మొదట్లో నిలబడింది. వాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలని ఇంటి దగ్గర పాఠంలా వల్లెవేసుకుని వచ్చింది. తీరా నోరు తెరిస్తే రెండే వచ్చాయి.

"ఆ నలభై ఎనిమిది నా తప్పు. మా అక్కకి రూలు తెలీదు, చెప్పాల్సింది నేను, చెప్పలేదు."

అవతలి కొసన ఉన్నవాళ్ళకి వినపడలేదు. ఒకరి నుంచి ఒకరికి మాట అందించుకున్నారు. అక్క తలెత్తకుండా సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కిన దారాన్నే తీసి మళ్ళీ ఎక్కిస్తోంది.

మూడో మిషను ఆవిడ అడిగింది: "ఇప్పుడు ఐదొందలా?"

"ఐదొందలు."

"నాలుగొందలు కాదు."

"కాదు."

"సరే మేడమ్. కాస్త పక్కకి జరగండి, బెల్లు కొడతారు."

అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఆ మధ్యాహ్నం మూడో మిషను ఆవిడ తన డబ్బా కాస్త పక్కకి జరిపి అక్కకి చోటు ఇచ్చిందని తరవాత అక్క కూతురు చెప్పింది. మానేసిన ఇద్దరూ తిరిగి రాలేదు.

అక్క చిట్టితో మాట్లాడటం మానేసిందని కాదు. దారిలో ఎదురైతే, "ఏం, బానే ఉన్నారా?" అనేది. ఆ "ఉన్నారా" చిట్టికి ముల్లులా గుచ్చుకునేది. ఒకసారి చిట్టి కూతురు, "పెద్దమ్మ ఎందుకు రావట్లేదమ్మా?" అని అడిగితే, "నా వల్ల" అని మాత్రం చెప్పింది. పిల్ల ఇంకా అడుగుతుందేమోనని భయపడింది. పిల్ల అడగలేదు. అమ్మ మొహం వైపు ఒకసారి చూసింది.

నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. చూస్తే అక్క, పక్కన కూతురు, పిల్ల చేతిలో బట్టల సంచి. అక్క లోపలికి వచ్చి కుర్చీలో నిటారుగా కూచుంది. నీళ్ళిస్తే తాగింది.

"దీన్ని నీ దగ్గర ఉంచుకో. మళ్ళీ చదువులో వెయ్యి."

"అలాగే అక్కా."

"నేను నీకు దణ్ణాలు పెట్టను, ముందే చెపుతున్నా. నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కోపం వేరు, పిల్ల చదువు వేరు."

"అలాగే." చిట్టి ఖాళీ గ్లాసు అందుకుని, "దీని జీతం లేకపోతే ఇంట్లో మీకు…" అంది.

"ఐదొందలు దాటితే పైవాటికి విడిగా ఇస్తున్నారుగా. నా చేతులకి ఐదొందల యాభై ఓ లెక్కా?" అక్క గొంతులో పాత గర్వం తొంగి చూసింది. "వస్తా. మీ బావకి మాత్ర వేసే టైమయింది."

ఐదొందల యాభై అంటే కాలరుకి యాభై రెండు సెకన్లు. పొద్దుట్నించి సాయంత్రం దాకా, ఒక్క గుక్క నీళ్ళకి లేవకుండా. ఎదుటి మనిషి గొప్పగా చెప్పుకున్న మాటని సెకన్లలోకి మార్చుకోకుండా ఉండటం చిట్టికి చేతకాదు. అక్క మెట్లు దిగి వెళ్తుంటే పైనుంచి చూసింది. అక్క మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని దిగుతోంది. ఆ అలవాటు ఎప్పట్నించి వచ్చిందో చిట్టి గమనించలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూచున్నారు. చిట్టి కూతురు బడి కబుర్లు చెపుతూ రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి, అక్క కూతురు కంచం ఖాళీ అయిపోయింది. లేచి కంచం కడిగి బోర్లించి, గోడ పక్కన నిలబడింది.

"అప్పుడే అయిందా? ఇంకాస్త పెట్టుకోవే."

"చాలు పిన్నీ. అలవాటు." చుట్టూ చూసింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూచో."

పిల్ల కూచుంది. కూచున్నదల్లా నిమిషం తిరక్కుండా లేచి, మూలనున్న చీపురు అందుకుంది. చిట్టి ఎంగిలి చెయ్యి కడుక్కుని వెళ్ళి, ఆ చీపురు తీసి పక్కన పెట్టింది. ఖాళీ అయిన ఆ చేతికి ఏం ఇవ్వాలో తోచక, ఆ చేతినే పట్టుకుని నిలబడిపోయింది.